ఆటగాని వెల – లెక్కల నియమము

1905 ఫిబ్రవరిలో ఇంగ్లండు ఈశాన్యభాగమందలి మిడిల్స్‌బరో క్లబ్బు, ఫుట్‌బాల్ లీగు మొదటి శ్రేణినుండి జారిపడు ప్రమాదమునందుండి, పొరుగుననున్న సండర్‌లాండ్ క్లబ్బునకు 1,000 పౌండ్లు చెల్లించి ఆల్ఫ్ కామన్ అను ఆటగానిని కొనెను. ఇంచుమించు రెండేండ్లుగా పరస్థలమున గెలుపెరుగని ఆ జట్టు, కామన్ పెనాల్టీతో సాధించిన ఒక్క గోలుచేత షెఫీల్డులో గెలిచి, ఆ యేటికి గండము గడిచి బయటపడెను. ఒక్క మనుష్యునికి వేయి పౌండ్లా యని పత్రికలు ఆక్షేపించినవి. ఫుట్‌బాల్ అసోసియేషన్ పెద్దలు కలవరపడి, 1908 జనవరినుండి ఏ ఆటగానికిని 350 పౌండ్లకు మించి చెల్లింపరాదని శాసించిరి. క్లబ్బులు ఆ శాసనమును బాహాటముగ ధిక్కరింపలేదు. కోరిన ఆటగానితోపాటు తమకు అక్కరలేనివారిని గూడ కొన్నట్లు పత్రములు వ్రాసి, తలకు 350 పౌండ్ల చొప్పున లెక్కగట్టి, అసలు వెలను అమ్మినవారికి ముట్టజెప్పిరి. కొద్దినెలలకే ఆ నియమము రద్దయ్యెను.

తరువాతి నూరేండ్ల చరిత్ర ఈ చిన్న వృత్తాంతమున బీజరూపమున నున్నది. ఆటగాండ్ర కొనుగోళ్లపై వెచ్చించు ధనమును నియమములు నిజముగ తగ్గించిన సందర్భములు స్వల్పము. అయినను ఆ ధనము ఏ రూపమున, ఏ తేదీన, ఎన్నేండ్ల గడువుపై కదలవలయునో దానిని ప్రతి నియమమును మార్చుచునే వచ్చినది. ఒక క్లబ్బు భవిష్యత్తును ఎంతదూరము చూచి ఆటగాండ్రను కొనునను విషయమును నిర్ణయించుటలో యజమాని వివేకముకంటె నియమము ఎంచుకొన్న కాలపరిమితికే ఎక్కువ బలమున్నదని నా నిశ్చితాభిప్రాయము.

పూర్వకాలపు నియమములు ఆటగానిని కట్టివేయుటకై పుట్టినవి. 1893లో ఏర్పడిన పద్ధతి ననుసరించి, ఒప్పందము ముగిసిన తరువాత సైతము ఆటగాని నమోదుపై హక్కు పాత క్లబ్బునకే యుండెడిది. ఆ క్లబ్బు అనుమతి లేనిదే అతడు వేరొకచోట ఆడుటకు వలనుపడెడిది కాదు. 1901లో వారమునకు 4 పౌండ్లకు మించి జీతమీయరాదను నిబంధన దీనికి తోడయ్యెను. జీతమునకు హద్దున్నందున మంచి ఆటగానిని ఆకర్షింపదలచిన ధనిక క్లబ్బునకు పాత యజమానికి చెల్లించు బదిలీ రుసుమొక్కటియే మార్గముగ మిగిలెను. వాటాదారులకు పంచు లాభముపై అసోసియేషన్ విధించిన పరిమితియు, డైరెక్టర్లు జీతము పుచ్చుకొనరాదను నిషేధమును కలిసి, మిగులు ధనమును మైదానమువైపునకో క్రొత్త ఆటగానివైపునకో నెట్టుచుండెను. ఆటగాని శ్రమఫలము ఆటగానికి దక్కక, అతని వెలగా పరుల చేతులు మారుట ఆ కాలపు అన్యాయము. 1961 జనవరిలో ఆటగాండ్ర సంఘము జిమ్మీ హిల్ నాయకత్వమున జీతపు పరిమితిని తొలగింపజేసెను. ఫుల్హమ్ జట్టు నాయకుడు జానీ హేన్స్ వారమునకు 100 పౌండ్లు పొందెను. న్యూకాసిల్ క్లబ్బుపై జార్జి ఈస్ట్‌హామ్ తెచ్చిన వ్యాజ్యమున 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్ ఆ పట్టివుంచు పద్ధతి అక్రమమని తీర్పు చెప్పెను. 1979లో ట్రెవర్ ఫ్రాన్సిస్ కొరకు నాటింగ్‌హామ్ ఫారెస్ట్ పది లక్షల పౌండ్లు చెల్లించునాటికి పాత కట్టుబాట్లు చాలవరకు సడలిపోయెను.

1995 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానము బెల్జియము ఆటగాడు జాన్-మార్క్ బోస్మాన్ పక్షమున తీర్పు చెప్పుటతో, ఒప్పందము ముగిసిన ఆటగాడు రుసుము లేకయే మరియొక క్లబ్బునకు పోవచ్చునని తేలెను. నాటినుండి క్లబ్బు చేతనున్న ఆస్తి, ఒప్పందమున మిగిలియున్న సంవత్సరములు మాత్రమే. కొంచెము తరువాత, 1998 ప్రాంతమున, బ్రిటిషు లెక్కల ప్రమాణము క్లబ్బులు ఆటగాని వెలను ఆస్తిగా చూపి, ఒప్పందకాలమునకు సమముగ పంచి యేటేట ఖర్చు వ్రాయవలయునని నిర్దేశించెను. పెక్కు క్లబ్బులు అంతవరకు కొన్న వెల నంతయు ఆ సంవత్సరపు ఖర్చుగనే వ్రాసికొనెడివి. క్రీడాభిమానులు గమనింపని ఈ మార్పే తరువాతి కథ కంతటికిని ఇరుసు.

దాని తీరు విశదముగ చూతము. పది కోట్ల పౌండ్లకు అయిదేండ్ల ఒప్పందముపై కొన్న ఆటగాడు లెక్కలలో యేటికి రెండు కోట్ల ఖర్చుగ కనబడును. మూడేండ్లు గడచునప్పటికి అతని పుస్తకవిలువ నాలుగు కోట్లు. అప్పుడు అతనిని అయిదు కోట్లకు అమ్మినచో, చెల్లించినదానిలో సగమే చేతికి వచ్చినను, లెక్కలలో కోటి పౌండ్ల లాభము. చిన్ననాటినుండి క్లబ్బు శిక్షణాలయమున పెరిగిన బాలుని కొనిన వెల యుండదు గనుక అతని పుస్తకవిలువ సున్న. అమ్మిన సొమ్మంతయు ఆ రోజుననే లాభము. కొనుగోలు భారమును ఏండ్లకు పంచుచు, అమ్మకపు లాభమును ఒక్కనాడే చేతికిచ్చు ఈ లెక్క స్వతహాగా దోషము కాదు. సాధారణ వర్తకమున నడచునదే. అయితే ఈ లెక్కపై శిక్షలతో కూడిన నియమములు నిలిపినప్పుడు ఏమగునో 2010 తరువాతి చరిత్ర చెప్పుచున్నది.

నియమముల యావశ్యకతను శంకింపవలసిన పనిలేదు. లీడ్స్ యునైటెడ్ క్లబ్బు యేటేట ఛాంపియన్స్ లీగులో ఆడెదమను ఆశపై ఆటగాండ్రను కొని, రియో ఫెర్డినాండ్ ఒక్కనికే 1 కోటి 80 లక్షల పౌండ్లు వెచ్చించి, రాబోవు సంవత్సరముల టిక్కెట్ల రాబడిని తాకట్టు పెట్టి 6 కోట్ల పౌండ్లు అప్పుచేసి, 2001లో ఆ పోటీ సెమీఫైనలు వరకు పోయి, 2004లో మొదటి శ్రేణినుండియే పతనమయ్యెను. 2008లో ఎఫ్.ఏ. కప్పు గెలిచిన పోర్ట్స్‌మత్ రెండేండ్లకే అప్పుల నిర్వాహకుల స్వాధీనమున కేగి, 9 పాయింట్లు కోల్పోయి దిగజారెను. 1885లో పుట్టిన బరీ క్లబ్బు 2019లో లీగునుండి వెలివేయబడెను. మన హైదరాబాదు ఎఫ్.సి. 2022లో ఇండియన్ సూపర్ లీగు గెలిచి నగరమునకు కీర్తి తెచ్చి, రెండేండ్లు తిరుగకమునుపే ఆటగాండ్ర జీతపు బకాయిలచేత క్రొత్తవారిని నమోదు చేసికొనరాదను నిషేధమునకు గురియై, విజేతలైన ఆటగాండ్రలో పలువురు విడిచిపోగా వట్టిపోయిన వైనమును తెలుగు క్రీడాభిమాని ఎట్లు మరచును?

ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్యయైన యూఫా, మిషెల్ ప్లాటినీ అధ్యక్షతన, 2010లో ఆమోదించిన నియమావళి ఈ దుస్థితికి మందుగ వచ్చెను. 2011లో ఐరోపా ప్రథమశ్రేణి క్లబ్బుల మొత్తము నష్టము 170 కోట్ల యూరోలు. ఆదాయవ్యయములు సరిపోవలయుననియు, కొన్ని సంవత్సరములకు కలిపి 4 కోట్ల 50 లక్షల యూరోల నష్టమును మాత్రము యజమాని పూడ్చినచో సహింతుమనియు, మైదానమునకును బాలుర శిక్షణకును పెట్టిన ఖర్చును నష్టములో కలుపమనియు ఆ నియమావళి చెప్పెను. 2014లో మాంచెస్టర్ సిటీ, పారిస్ సాన్ జెర్మాన్ క్లబ్బులకు చెరి 6 కోట్ల యూరోల జరిమానా విధించి, అందు 4 కోట్లను నిలిపివేసిరి. 2017 నాటికి ఐరోపా క్లబ్బుల మొత్తము లెక్క లాభములోనికి వచ్చెను. ఇది చిన్న విజయము కాదు. లెక్కలో చేరని ఖర్చువైపు ధనికులు మొగ్గిరి గనుక శిక్షణాలయములు, మైదానములు బాగుపడినవి. మాంచెస్టర్ సిటీ 2014లో తెరచిన విశాలమైన శిక్షణాకేంద్రమే యిందుకు సాక్షి. అయితే ఆదాయమునుబట్టి ఖర్చు అనినప్పుడు, అప్పటికే ఆదాయమున్నవారి స్థానము స్థిరపడి, క్రిందివారు పైకి ఎగబ్రాకు నిచ్చెన సన్నగిల్లినదనుట గూడ సత్యమే.

స్పెయిను వేరొక మార్గము పట్టెను. అచ్చటి లీగు 2013నుండి ఆటకాలము గడచిన పిమ్మట శిక్షించుటకు మారుగా, ముందుగనే ప్రతి క్లబ్బునకును జీతములు, కొనుగోళ్లు కలిపి ఒక హద్దు విధించి, దానిని దాటిన ఆటగాని నమోదును నిరాకరించెను. 2021 ఆగస్టులో లియొనెల్ మెస్సీ బార్సిలోనాను కన్నీటితో వీడవలసివచ్చుటకు ఈ ముందస్తు హద్దే కారణము. కఠినమే గాని, తప్పు జరిగిన రెండేండ్లకు పాయింట్లు కోయుటకంటె ఇది నిజాయితీ గల పద్ధతి.

ఇంగ్లండు ప్రీమియర్ లీగు 2013లో చేసికొన్న నియమము మూడేండ్లకు కలిపి గరిష్ఠముగ 10 కోట్ల 50 లక్షల పౌండ్ల నష్టమును అనుమతించెను. ప్రీమియర్ లీగున గడపిన సంవత్సరమునకు 3 కోట్ల 50 లక్షలు, క్రింది శ్రేణిలో గడపినదానికి 1 కోటి 30 లక్షలు. పదేండ్లు ఎవరికిని శిక్షపడలేదు. 2023 నవంబరులో, 12 కోట్ల 45 లక్షల నష్టము చూపిన ఎవర్టన్ క్లబ్బునకు 10 పాయింట్లు కోసి, అప్పీలుమీద 2024 ఫిబ్రవరిలో 6కు తగ్గించిరి. ఆ తరువాత నాటింగ్‌హామ్ ఫారెస్ట్ వంతు వచ్చెను.

ఫారెస్ట్ వృత్తాంతము నిలిచి చూడదగినది. 23 ఏండ్లకు మరల ప్రీమియర్ లీగున అడుగిడిన ఆ క్లబ్బు 2022 వేసవిలో ఇరువదిమందికి పైగా ఆటగాండ్రను కొనెను. రెండేండ్లు క్రిందిశ్రేణిలో నుండుటచేత దానికి అనుమతించిన నష్టము 6 కోట్ల 10 లక్షలే. నష్టము దానిని 3 కోట్ల 45 లక్షలు మించెను. లెక్కల సంవత్సరము జూన్ 30తో ముగియును. ఆ నగరముననే పుట్టి, ఎనిమిదవయేటినుండి ఆ క్లబ్బులోనే పెరిగి, తండ్రియు అదే జట్టుకు ఆడిన బ్రెన్నన్ జాన్సన్‌ను అమ్మినచో గట్టెక్కుదురు. గడువునకు ముందు వచ్చిన బేరములు తక్కువని ఓపికపట్టి, సెప్టెంబరు 1వ తేదీన టాటెన్‌హామ్‌కు దాదాపు 4 కోట్ల 75 లక్షలకు అమ్మిరి. రెండునెలలు ఆగుటచే మంచి వెల వచ్చెనుగదా, ఇది వివేకముగాక మరేమి యని వాదించిరి. విచారణ సంఘము ఆ వాదమును త్రోసిపుచ్చి 4 పాయింట్లు కోసెను. నియమము దృష్టిలో తొందరపడి తక్కువకు అమ్మువాడు నిర్దోషి, ఆగి యెక్కువకు అమ్మినవాడు దోషి యయ్యెను.

ఈ తీర్పు విన్న క్లబ్బులు పాఠము నేర్చుకొనినవి. 2024 జూన్ చివరి దినములలో న్యూకాసిల్ తన గడ్డపై ఎనిమిదేండ్ల ప్రాయమునుండి పెంచిన ఎలియట్ ఆండర్సన్‌ను ఫారెస్టునకు అమ్మెను. అదే సమయమున ఫారెస్టునుండి గోల్‌కీపరును కొనెను. ఎవర్టన్, ఆస్టన్ విల్లా క్లబ్బులు తమ యువ ఆటగాండ్రైన డాబిన్, ఇరోగ్బునామ్‌లను ఒకరికొకరు అమ్ముకొనిరి. అమ్మినవాని వెల ఇద్దరికిని ఆనాడే లాభము, కొన్నవాని వెల రాబోవు ఏండ్లకు పంచిన ఖర్చు. పంటకు మించిన శిస్తు కట్టుటకు రైతు విత్తనపు వడ్లను అమ్ముకొన్నట్లున్నది ఈ వ్యవహారము. ఏ నియమావళి బాలుర శిక్షణపై ఖర్చును ప్రోత్సహించెనో, అదియే ఆ బాలురను అందరికంటె ముందుగ అమ్మజూపు వస్తువులుగ మార్చినది. ఊరిపిల్లవాడు ఊరిజట్టుకు ఆడుటలో నున్న ఆనందమునకు ఏ పద్దులోను చోటులేదు. ఈ విషయమే నన్ను మిక్కిలి బాధించును.

2022లో క్రొత్త యజమానుల చేతికి వచ్చిన చెల్సీ మరియొక ద్వారము కనుగొనెను. 2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్‌ను 10 కోట్ల 68 లక్షల పౌండ్లకు కొని, ఎనిమిదిన్నరేండ్ల ఒప్పందము వ్రాయించుకొనుటచే, యేటి ఖర్చు, అయిదేండ్లకు పంచినచో వచ్చు దాదాపు 2 కోట్ల 14 లక్షలకు మారు, కోటిన్నరకు లోపుననే యుండెను. యూఫా ఆ వేసవినుండియు, ప్రీమియర్ లీగు 2023 డిసెంబరునందును, ఎంత దీర్ఘమైన ఒప్పందమైనను వెలను అయిదేండ్లకు మించి పంచరాదని నియమించినవి. ఆరేండ్ల ప్రాయమునుండి తన దగ్గరనే పెరిగిన మేసన్ మౌంట్‌ను చెల్సీ 2023 జులైలోనే 5 కోట్ల 50 లక్షలకు అమ్మివేసెను; తన మైదానము ప్రక్కనున్న హోటళ్లను సోదరసంస్థకే 7 కోట్ల 65 లక్షలకు అమ్మి లాభముగ చూపెను. ప్రీమియర్ లీగు దీనిని కాదనలేదు. అట్టి అమ్మకములను లెక్కింపని యూఫా 2025 జులైలో ఆ క్లబ్బునకు 3 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా వేసెను.

యూఫా 2022లో తెచ్చిన క్రొత్త నియమము జట్టు ఖర్చును, అనగా జీతములు, యేటేటి వెలభాగములు, ఏజెంట్ల రుసుములు కలిపి, ఆదాయమున మొదట 90, తరువాత 80, 2025-26నుండి 70 శాతమునకు దింపుచు వచ్చెను. ప్రీమియర్ లీగు క్లబ్బులు 2025 నవంబరులో ఓటువేసి, 2026-27నుండి 85 శాతపు హద్దును అంగీకరించినవి. అందరి ఖర్చును అట్టడుగు క్లబ్బు రాబడితో ముడిపెట్టు ప్రతిపాదనను త్రోసిపుచ్చినవి. ప్రీమియర్ లీగు క్రొత్త లెక్కలో మూడేండ్ల నష్టపు సంచి పోయినది గాని, ఆటగాండ్ర అమ్మకపు లాభము ఇప్పటికిని ఆదాయము ప్రక్కననే కూడికలో నిలిచియున్నది. యూఫా ఆ లాభమును మూడేండ్ల సగటుగ లెక్కించుట కొంత మేలు. కొనుగోలు వెలను అయిదేండ్లకు పంచుమన్నవారు, పెంచిన బాలుని అమ్మకపు లాభమును గూడ అయిదేండ్లకే పంచుమని శాసించినచో, జూన్ 30వ తేదీకి ఇప్పుడున్న బలము పోవును. బ్రెన్నన్ జాన్సన్‌ను ఎప్పుడు అమ్మవలయునో, అసలు అమ్మవలయునో లేదో, ఫారెస్ట్ క్లబ్బు తన జట్టు అవసరమును జూచుకొని తేల్చుకొనగలిగియుండెడిది.