ఉష్ణమూ, శ్రమా: పాఠ్యపుస్తకం వదిలేసిన చరిత్ర

వేడి ఒక పదార్థమా? ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రం చెప్పేటప్పుడు నేను ఈ ప్రశ్న తప్పక వేస్తాను. కాదు, అది శక్తి అని తరగతి అంతా ఒక్క గొంతుతో అంటుంది. ఎట్లా తెలిసిందంటే మాత్రం మౌనం. పుస్తకంలో ఉంది గనుక తెలిసింది! శాస్త్రాన్ని కూడా పనసలుగా వల్లె వేయించటం మన చదువులకు పట్టిన పాత జబ్బు.

చిక్కు అంతటితో పోలేదు. మనం మొదట చేయించే ప్రయోగమేమిటి? కాగిన రాగిముక్కను చన్నీళ్ల కెలోరీమీటరులో వేయించి, రాగి కోల్పోయిన ఉష్ణం నీరు గ్రహించిన ఉష్ణానికి సమానమని లెక్క కట్టిస్తాం. ఉష్ణాన్ని కంటికి కనపడని ద్రవంగా భావించినవారికీ ఈ లెక్క ఇంతే చక్కగా కుదిరింది. 1783లో లవోజియే, లాప్లాస్‌లు మంచు కెలోరీమీటరులో గినీపందిని ఉంచి, దాని ఒంటివేడికి కరిగిన మంచును తూచి, శ్వాసక్రియ నెమ్మదిగా జరిగే దహనమేనని వాదించారు. ఎంత గొప్ప ప్రయోగం! ఐనా 1789లో లవోజియే తన మూలకాల పట్టికలో ఆక్సిజన్ పక్కనే “కెలోరిక్”ను కూర్చోబెట్టాడు. కెలోరీమీటరు అన్న పేరూ ఆయన పెట్టిందే. అంటే, తప్పుడు సిద్ధాంతానికి పనిముట్టుగా నిలిచిన ప్రయోగాన్నే చేయించి, మన పిల్లలను సరైన సిద్ధాంతం ఒప్పుకొమ్మంటున్నామన్నమాట.

ఆ ద్రవానికి గట్టి దెబ్బ తగిలింది ఫిరంగుల కార్ఖానాలో. మ్యూనిచ్ ఆయుధశాలలో గుర్రాలు తిప్పే మొద్దు బరమాతో రమ్‌ఫర్డ్ ఇత్తడి దిమ్మెను నీళ్లలో ఉంచి తొలిపించాడు. నిప్పు లేదు, రెండున్నర గంటలకు నీళ్లు తెర్లాయి. రాపిడి సాగినంతసేపూ వేడి పుడుతూనే ఉంది. తరగకుండా వచ్చేది నిలవ ఉన్న సరుకెట్లా అవుతుంది? అది చలనమే అయివుండాలని 1798లో రాయల్ సొసైటీకి నివేదించాడు. (ఈయనను అభ్యుదయవాదిగా చిత్రించనక్కరలేదు. అదే మ్యూనిచ్‌లో 1790లో బిచ్చగాళ్లను పట్టించి, పని గృహాలలో సైన్యానికి దుస్తులు కుట్టించిన పెద్దమనిషి.)

ఐతే పరిశ్రమ అవసరమే సత్యాన్ని తానుగా కని పారేసిందని మనవాళ్లు కొందరు చెప్పే మాట తొందరపాటు. 1824లో కార్నో ఆవిరియంత్రాన్ని పరిశీలించి, దాని సామర్థ్యానికి హద్దును వేడి చల్లదనాల తేడాయే నిర్ణయిస్తుందని తేల్చాడు. అదీ కెలోరిక్‌ను నమ్ముతూనే! తప్పు భావన మీద నిలబడి నిజం పట్టుకున్నాడు. చరిత్ర తిన్నగా నడవదు.

జావాకు పోయిన ఓడ వైద్యుడు మేయర్, నావికుల సిరల రక్తం మరీ ఎర్రగా ఉండటం చూసి ఆలోచనలో పడి, 1842లో ఉష్ణానికీ పనికీ మారకపు విలువ ఉందన్నాడు. మాంచెస్టర్ దగ్గర బీరు కార్ఖానా యజమాని కొడుకు జౌల్ దాన్ని కొలిచాడు. బరువులు దిగుతూ నీటిలో తెడ్లను తిప్పాయి. 772 పౌన్ల బరువు ఒక అడుగు దిగితే పౌను నీటి వేడి ఒక ఫారన్‌హీట్ డిగ్రీ పెరుగుతుందని 1850లో ప్రకటించాడు. శక్తి రూపాంతరాన్ని ఎంగెల్స్ 1886లో తన కాలపు మూడు మహా ఆవిష్కరణలలో ఒకటిగా లెక్కించింది ఊరికే కాదు.

కనుక నేను రాగిముక్కతో మొదలుపెట్టను. సైకిలు పంపు కొట్టించి, దాని అడుగు భాగాన్ని తాకమంటాను. పని చేసింది వాళ్ల చేయి, నిప్పెక్కడా లేదు. కెలోరీమీటరు ఆ తర్వాత. సోడియం హైడ్రాక్సైడు బిళ్లలను ఒకసారి తిన్నగా హైడ్రోక్లోరికామ్లంలో వేయిస్తాను. మరోసారి ముందు నీటిలో కరిగించి, ఆపైన ఆమ్లం కలిపిస్తాను. కరిగినప్పుడు మోలుకు సుమారు 44 కిలోజౌళ్లు, తటస్థీకరణలో సుమారు 57. రెండూ కలిపితే మొదటి దారిలో వచ్చినంతే. సెంట్ పీటర్స్‌బర్గులో హెస్ ఈ నియమాన్ని 1840లోనే ప్రకటించాడు, మేయర్ వ్యాసానికి రెండేళ్లు ముందు, కేవలం కొలతల బలం మీద.