కంది ధర మీద దిగుమతి సుంకం ప్రభావం: బంట్వారం, తాండూరు రైతులు తెలుసుకోవలసిన విషయాలు

కోత దగ్గరపడిందంటే రైతు వేదికలో ప్రతి ఏడూ వినిపించే ప్రశ్న ఒకటుంది. "సార్, బయటి దేశం కంది మీద సర్కారు పన్ను వేస్తే మన రేటు పెరుగుతదా?" సూటిగా చెప్పాలంటే, కంది విషయంలో పన్ను కంటే అనుమతి ముఖ్యం. ఈ తేడా తెలిస్తే వాట్సాప్‌లో వచ్చే ప్రతి వార్తకూ కంగారుపడి సరుకు అమ్ముకోవలసిన పని ఉండదు.

ముందు సుంకం ఎలా లెక్కిస్తారో చూద్దాం. ఓడరేవులో సుంకం వేసేది గింజ ధర ఒక్కదాని మీదే కాదు. సరుకు ధరకు ఓడ కిరాయి, బీమా కలిపి, కస్టమ్స్ శాఖ ప్రకటించిన మారకపు రేటుతో రూపాయల్లోకి మార్చి, ఆ మొత్తం మీద వేస్తారు. లెక్క కోసం అక్కడి ధర క్వింటాలుకు 5,000 రూపాయలు, కిరాయి, బీమా 500 అనుకుందాం. సుంకం పడేది 5,500 మీద. 10 శాతం మూల సుంకం అయితే 550. ఆ 550 మీద మళ్లీ 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి 55. అంటే వ్యాపారికి 6,105 పడుతుంది. సుంకం లేకపోతే 5,500కే చేతికొస్తుంది. ఈ 605 రూపాయల తేడాయే యార్డులో మన పాట మీద పడాలి.

కానీ కందికి వచ్చేసరికి ఈ లెక్క చాలావరకు కాగితం మీదే ఉంటుంది. మనకు కంది వచ్చేది ముఖ్యంగా మొజాంబిక్, టాంజానియా, మలావి, మయన్మార్ నుంచి. ఇవన్నీ ఐక్యరాజ్య సమితి లెక్కలో బాగా వెనుకబడిన దేశాలు. అలాంటి దేశాల సరుకుకు భారతదేశం 2008 నుంచి సుంకం రాయితీ పథకం అమలు చేస్తోంది. సరుకు ఆ దేశంలో పండినదేనని ధ్రువపత్రం చూపితే కందికి సుంకం పడదు. 2017 మార్చి 28న కేంద్రం కంది మీద 10 శాతం సుంకం వేసింది. మొత్తం కందికి దాన్ని 2023 మార్చిలో తీసేసింది. మధ్య ఆరేళ్లు సుంకం ఉన్నట్టే కనిపించినా, ఈ దేశాల కందికి అది అడ్డు కాలేదు.

అసలు అడ్డుకట్ట పరిమాణం మీద పెట్టే ఆంక్ష. 2016లో కందిపప్పు ధర మండిపోయి ఉంది. ఆ ఏడు జూలైలో మొజాంబిక్‌తో దిగుమతి ఒప్పందం జరిగింది. ఇక్కడ మనవాళ్లూ పత్తి తగ్గించి కంది బాగా వేశారు. పంట చేతికొచ్చేసరికి మద్దతు ధర 5,050 ఉంటే, చాలా యార్డుల్లో అంతకంటే తక్కువకే పాట ముగిసింది. సుంకం వేసింది మార్చి చివర్లో. ఏడాదికి 2 లక్షల టన్నులే తేవాలన్న ఆంక్ష పెట్టింది ఆగస్టులో. అప్పటికి చిన్న రైతు ఇంట్లో గింజ ఉందా? సంక్రాంతి దాటగానే అప్పులకు, కూలీలకు అమ్మేసుకున్నాడు. ఆ ఆంక్షతో లాభం కలిగిందీ అంటే గోదాముల్లో నిల్వ ఉన్నవాళ్లకే. ఆ ఏడు యార్డులో కాంటా దగ్గర నిలబడి చూసినవాడిని కాబట్టి ఈ మాట అంటున్నాను.

2021 మే 15న ఆ ఆంక్ష ఎత్తేశారు. అప్పటినుంచి కంది దిగుమతి స్వేచ్ఛగా సాగుతోంది. ఈ వ్యాసం రాస్తున్న 2025 డిసెంబర్ నాటికి ఉన్న ఉత్తర్వు ప్రకారం ఈ వెసులుబాటు 2026 మార్చి 31 వరకు ఉంది. అంటే మన కోత, అమ్మకం మొత్తం ఈ గడువులోపలే. 2024-25లో దేశంలోకి వచ్చిన కంది 12 లక్షల టన్నులు దాటింది. 2024లో క్వింటాలు పది వేలు దాటిన కంది, 2025లో మద్దతు ధర 7,550 కంటే కిందికి జారడానికి ఇదొక ముఖ్య కారణం.

కాలం కూడా గమనించాలి. ఆఫ్రికా దేశాల్లో కంది కోత జూలై, ఆగస్టు ప్రాంతంలో. ఓడెక్కి మన రేవులకు చేరేది సెప్టెంబర్ మొదలు. అంటే మన చేలో కాయ పట్టే వేళకే మిల్లుల్లో బయటి గింజ సిద్ధంగా ఉంటుంది. మిల్లువాడికి తొందర లేనప్పుడు పాట మందంగానే సాగుతుంది.

పసుపు బఠాణీ సంగతి వేరు. అది ఎక్కువగా కెనడా, రష్యాల నుంచి వస్తుంది. వాటికి పైన చెప్పిన రాయితీ లేదు కాబట్టి సుంకం నిజంగా పనిచేస్తుంది. 2023 డిసెంబర్ నుంచి సుంకం లేకుండా వచ్చిన బఠాణీ, శనగపప్పు గిరాకీని దెబ్బతీసింది, చవక కాబట్టి మిగతా పప్పుల మీదా ఒత్తిడి తెచ్చింది. 2025 నవంబర్ 1 నుంచి దానిమీద 30 శాతం పడుతోంది: మూల సుంకం 10, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు 20. యాసంగిలో శనగ వేసినవారికి ఇది కొంత ఊరట.

కొందరు యువ రైతులు బయటి దేశపు కంది విత్తనం పార్శిల్‌లో తెప్పించుకోవచ్చా అని అడుగుతున్నారు. వద్దు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనం తేకూడదు. సుంకం కట్టినా అది చెల్లదు. పైగా కొత్త తెగులును మన చేతులతో మనమే పొలానికి తెచ్చుకున్నట్టవుతుంది.

ఢిల్లీలో ఉత్తర్వు ఎప్పుడు మారుతుందో మన చేతిలో లేదు. మద్దతు ధరకు అమ్ముకునే దారి మాత్రం ఉంది. 2025-26కు కంది మద్దతు ధర 8,000 రూపాయలు. యార్డు ధర అంతకంటే తక్కువుంటే కొనుగోలు కేంద్రానికి పోవాలి. అందుకు ముందుగా మీ క్లస్టర్ ఏఈఓ దగ్గర పంట నమోదులో కంది, ఎకరాలు సరిగ్గా ఎక్కాయో లేదో చూసుకోండి. పత్తిలో అంతర పంటగా వేసినవారు మరీ జాగ్రత్త, అక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకంలో పేర్లు ఒకేలా ఉండాలి. గింజలో తేమ 12 శాతం మించితే కేంద్రంలో తిప్పి పంపుతారు. నూర్పిడి తర్వాత టార్పాలిన్ మీద బాగా ఎండబెట్టి, జల్లెడ పట్టి తేవాలి.

తాండూరు కందికి 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు చేసింది మన పక్క యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. అయితే యార్డులో ఆ గింజను బయటి గింజతో కలిపి పోస్తే గుర్తింపుకు విలువ ఉండదు. రకం కలవకుండా వేరు సంచుల్లో ఉంచి, పదిమంది కలిసి పప్పు పట్టించి అమ్మితే ఓడలో వచ్చిన గింజతో పోటీ కొంత తప్పుతుంది. డబ్బుకు అత్యవసరం లేనివారు అంతా ఒకేసారి జనవరిలో తేకుండా, సగం గుర్తింపు పొందిన గోదాములో పెట్టి రసీదు మీద రుణం అడగవచ్చు. గోదాము కిరాయి, వడ్డీ ఎంతవుతాయో ముందే లెక్క వేసుకోండి. ఆ ఖర్చు క్వింటాలుకు రెండు మూడు వందలు దాటేలా ఉంటే, ఆగి లాభం లేదు. అప్పుడు నేరుగా కొనుగోలు కేంద్రానికే తోలండి.