ఒక ఓడ – మూడు ఆఫీసు నోట్లు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగారు. జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపినవాడిని. అగ్రరాజ్యపు విదేశాంగ నీతిని కూడా ఆ కళ్ళతోనే చూచి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1971 డిసెంబరులో నేను విశాఖలో కొత్తగా చేరిన ఎల్.డి.సి.ని. 3వ తేదీ అర్ధరాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మన రేవు బయట మునిగిపోయింది. రాత్రిళ్ళు ఊరంతా చీకటి, కిటికీలకు నల్లకాగితాలు. ఆ భయం తీరకముందే అమెరికా విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ మన వైపు వస్తున్నదని విన్నాము. మా నాన్నగారు అమ్మను, చెల్లెళ్ళను పల్లెకు పంపివేశారు. 15న ఆ ఓడ బంగాళాఖాతంలో ప్రవేశించింది. 16న ఢాకాలో పాక్ సేన లొంగిపోయింది.

ఇంతకూ ఆ ఓడ ఎందుకు వచ్చినట్లు? రిటైరైన తరువాత ద్వారకా నగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని ఈ సంగతి వెతికాను.

ఢిల్లీలో 1965లో స్థాపించిన రక్షణ అధ్యయనాల సంస్థకు ఆనాటి డైరెక్టరు కె. సుబ్రహ్మణ్యంగారు. ఆయన దృష్టిలో అది మనపై అణు బెదిరింపు. పశ్చిమ పాకిస్తానును కాపాడటానికని, చైనాకు తమపై నమ్మకం సడలకుండా ఉండటానికని కిసింజరు 1979లో తన జ్ఞాపకాలలో వ్రాసుకున్నారు. అమెరికా విదేశాంగశాఖలోనే పనిచేసిన వాన్ హాలెన్ 1980లో, ఒక ప్రాంతపు తగాదాను అగ్రరాజ్యాల పోటీగా చూచిన పొరపాటు అన్నారు.

మనకు తెలియనిదేముంది! ఒకే కాగితం మూడు సెక్షన్లకు వెళితే మూడు నోట్లు వస్తాయి. ఎవరి సీటులో నుంచి కనబడేది వారు వ్రాస్తారు. అందుచేత నోటు చదివేముందు కింద సంతకం ఎవరిదో చూడాలి. 2005లో అమెరికా ప్రభుత్వమే నాటి పత్రాలను సంపుటంగా అచ్చువేసింది. నిక్సన్, కిసింజర్ల సంభాషణలలో చైనా ఏమనుకుంటుంది, రష్యా ఏమి చేస్తుంది అన్న లెక్కే ముఖ్యంగా కనబడుతుంది.

కాలం మారింది. అమెరికా నుంచి కొన్న ఓడ 2007లో జలాశ్వ పేరుతో మన నౌకాదళంలో చేరింది. 2019లో వారి సైనికులు మన తీరంలోనే మనవారితో కలిసి విన్యాసాలు చేశారు. సంస్థల నోట్లూ దానికి తగ్గట్టే మారాయి.

అయితే నేను చదివినంతలో, నల్లకాగితాలు అంటించుకుని బిక్కుబిక్కుమంటూ గడిపిన విశాఖవాసుల ఊసు ఏ నోటులోనూ లేదు. ఆ నోటు పెట్టవలసినది మనమే. ఆ రోజులు చూచినవారు మనలో నానాటికీ తగ్గిపోతున్నారు. జ్ఞాపకమున్నవారు దయచేసి నాలుగు పంక్తులైనా వ్రాసి మనుమల చేతికి ఇవ్వవలసినదిగా కోరుతున్నాను.