మాటకు అర్థము, అర్థమునకు వాక్యము

ద్వారకానగర్‌లో బస్సు దిగిన పల్లెటూరి యువకునికి ముందుగా కనబడునవి కోచింగ్ సెంటర్ల బోర్డులే. పోర్టులోనో, ఉక్కు కర్మాగారములోనో ఉద్యోగము కోరి వచ్చిన మన బిడ్డలు అక్కడ ఇంగ్లీషు మాటల పట్టికలు కంఠస్థము చేయుచున్నారు. ఒక ప్రక్క ఇంగ్లీషు మాట, ఎదుట తెలుగు అర్థము. వేయి మాటలు వచ్చియు, ఇంటర్వ్యూలో ఒక్క వాక్యము పలుకలేక తిరిగి వచ్చినవారిని ఓదార్చుట సంఘ కాపరులమైన మాకు పరిపాటి అయినది. ఇది తెలివి లోపము కాదు. నేర్చు మార్గములోని లోపము. ఈ సంగతికి మన విశాఖపట్టణములోనే రెండు వందల యేండ్లకు మించిన చరిత్ర గలదు.

1805లో లండన్ మిషనరీ సొసైటీవారైన జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ దొరలు ఈ పట్టణమునకు వచ్చిరి. ఇంగ్లీషులో అర్థములు చెప్పు తెలుగు నిఘంటువు అప్పటికి అచ్చు కాలేదు. క్యాంప్‌బెల్ దొరగారి నిఘంటువు వెలువడినది 1821లో. కనుక జనుల నోటి మాటయే వారికి పాఠ్యపుస్తకము. ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి అనువాదములో తోడ్పడెను. క్రాన్‌గారు 1809లో, డే గ్రాంజెస్‌గారు 1810లో ప్రభువునందు నిద్రించిరి. వారి కృషి ఫలముగా మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి.

తరువాత కలకత్తా పాదిరి డేవిడ్ బ్రౌన్‌గారి కుమారుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852లో తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించెను. ఆయన అర్థము వ్రాసి ఊరకుండక, కవుల ప్రయోగములను, వాడుక పలుకుబడులను చేర్చెను. ఎందుకనగా, తలుపు వేయుట వేరు, ఓటు వేయుట వేరు, ముగ్గు వేయుట వేరు, చలి వేయుట వేరు. మన ఒక్క మాటకు ఇంగ్లీషువారు నాలుగు మాటలు వాడుదురు. ఒక్క అర్థము బట్టీపట్టినవాడు మిగిలిన మూడు చోట్ల తడబడును.

ఇంగ్లీషు నేర్చువారి కొరకు ఇదే మార్గమును ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ సుగమము చేసెను. ఎండికాట్‌తో కలిసి 1935లో తెచ్చిన నిఘంటువులో, 1,490 తేలిక మాటలతోనే సుమారు 24,000 పదములకు, పలుకుబడులకు అర్థము చెప్పెను. జపానులో ఇంగ్లీషు బోధించిన హార్న్‌బీ, మాటను వాక్యములో ఎట్లు ఇముడ్చవలెనో చూపు నిఘంటువును 1942లో టోక్యోలో వెలువరించెను. మన హైదరాబాదులోను ఇంగ్లీషు బోధనా పద్ధతుల కొరకు 1958లో కేంద్ర సంస్థ ఏర్పడెను.

ఇది పండితుల గొడవ మాత్రమే కాదు. 'ఇన్' అనగా 'కానిది' అని మాత్రమే నేర్చినవాడు, 'ఇన్‌ఫ్లేమబుల్' అను హెచ్చరికను చూచి, నిప్పంటుకొననిదని భ్రమపడవచ్చును. దాని అర్థము సులువుగా అంటుకొనునదని. చమురు శుద్ధి కర్మాగారమున్న మన పట్టణములో ఈ భ్రమ ప్రాణాంతకము. 'పెట్రోలు ఇన్‌ఫ్లేమబుల్, దగ్గర అగ్గిపుల్ల గీయకుము' అను ఒక్క వాక్యముతో నేర్చినవాడు దానిని మరువడు.

కనుక మన యువజనులకు మా మనవి ఇది. దినమునకు ఐదు మాటలు చాలును. నోటుబుక్కులో మాట, తేలిక ఇంగ్లీషులో దాని అర్థము, మీ ఇంటిని గూర్చియో వీధిని గూర్చియో మీ సొంత వాక్యము వ్రాయుడి. 'బారో', 'లెండ్' అను రెండును మనకు అప్పే. ద్వారకానగర్ పౌర గ్రంథాలయమునుండి పుస్తకము మీరు తెచ్చుకొనుట 'బారో'. గ్రంథాలయము మీకిచ్చుట 'లెండ్'. ఇట్లు వ్రాసి, పైకి చదివి, ఒకరితో పలుకుడి.

పొరుగువాడనగా ఎవడని అర్థమడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి, ప్రభువు సమరయుని కథనే చెప్పెను గదా! పెద్దలారా, సాయంకాలము ఖాళీగానుండు సండేస్కూలు గదిలో ఒక బల్ల, ఒక దీపము, రెండు మంచి నిఘంటువులు ఉంచుడి. తప్పు పలికినవానిని నవ్వకుండ వినువారొకరు అక్కడ కూర్చున్నచో, మన బిడ్డల నోరు తప్పక తెరువబడును.