లిథియం-అయాన్ బ్యాటరీ: గృహవినియోగమున భద్రత

లిథియం-అయాన్ బ్యాటరీ మరల మరల విద్యుత్తు నింపి వాడదగిన విద్యుద్ఘటము. దీనిని 1991లో జపానుదేశపు సోనీ సంస్థ విపణిలోనికి తెచ్చెను. మూలపరిశోధనలకుగాను గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించెను.

ఘటములోని ధన, ఋణ ధ్రువములను వేరుపరచునది పలుచని ప్లాస్టిక్ పొర. వాని నడుమనుండు ద్రవము మండు స్వభావము గలది. దెబ్బ తగులుటచేతనో, మితిమీరిన చార్జింగుచేతనో, నిర్మాణలోపముచేతనో ఆ పొర చెడినచో, పుట్టిన వేడి రసాయనచర్యను, ఆ చర్య మరింత వేడిని రేపగా, స్వల్పకాలములోనే జ్వాలలు వెడలును. ఇది ఊహామాత్రము కాదు: 2022 ఏప్రిల్‌లో విజయవాడయందును, నిజామాబాదు జిల్లాయందును ఇంట చార్జింగునకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీలు ప్రేలి నిండుప్రాణములను బలిగొన్నవి.

కావున అట్టి బ్యాటరీని పడకగదిలోగాని, వాకిలికి అడ్డముగాగాని, ఎల్లరు నిద్రించువేళగాని చార్జింగునకు పెట్టుట ఎంతమాత్రము తగదు. ఎండన తిరిగివచ్చిన బండికి బ్యాటరీ చల్లారిన పిదపనే, దానికై నిర్దేశించిన చార్జరునే తగిలింపవలెను.

సెల్‌ఫోను తెర ఒక అంచున పైకి లేచినను, బల్లపై వెల్లకిల పెట్టినప్పుడు ఫోను కుదురుగా నిలువక ఊగినను, లోపల వాయువు చేరి బ్యాటరీ ఉబ్బినదని అనుమానించి వెంటనే వాడుక మానవలెను. దానిని నొక్కుటయు, సూదితో పొడుచుటయు ప్రాణాంతకము కాగలదు. స్కూటరు బ్యాటరీనుండి పొగ వెడలిన తోడనే, వస్తువులకై ఆగక, ఇంటివారినందరిని వెలుపలికి పంపి 101కి ఫోను చేయవలెను. పాడైన బ్యాటరీని చెత్తబుట్టలో వేయక, దాని కొనలకు టేపు చుట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థముల సేకరణకేంద్రమున అప్పగింపవలెను.