కాలయంత్రంలో కథానాయకుడు

సికింద్రాబాద్‌లో తూర్పు మారేడ్‌పల్లికి చేరువగా ఉన్న ఒక కూడలిని నేటికీ సంగీత్ చౌరస్తా అనే పిలుస్తారు. ఆ పేరుకు మూలమైన సినిమాహాలు నేలమట్టమై ఏళ్లు గడిచినా, ఆటోవాళ్ల నోటా బస్సు కండక్టర్ల నోటా పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఇంగ్లీషు చిత్రాల ప్రదర్శనకు జంటనగరాలలో ప్రసిద్ధికెక్కిన ఆ హాలుకు వెళ్లిన ప్రేక్షకుడు తెర మీద వింత లోకాలను చూడగోరేవాడు. అదే కాలంలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్ల ముందు బారులు తీరిన ప్రేక్షకుడు తన కథానాయకుణ్ణి చూడగోరేవాడు. ఒకరికి వస్తువు ప్రధానం, మరొకరికి వ్యక్తి ప్రధానం. తెలుగులో సైన్స్ ఫిక్షన్ కథానాయకుల చుట్టూ అల్లుకున్న అభిమానం యొక్క చరిత్ర, ఈ రెండు దృష్టులు చాలాకాలం విడివిడిగా నడిచి, క్రమంగా ఒకదానినొకటి సమీపించిన చరిత్ర.

1806లో సికందర్ జా పేరిట వెలసిన సికింద్రాబాద్ తొలినుంచీ దండు పట్టణం. కంటోన్మెంటు ఆశ్రయంలో పెరిగిన ఆంగ్ల సంస్కృతి వల్ల టివోలి, ప్లాజా, డ్రీమ్‌ల్యాండ్ వంటి హాళ్లకు, తరువాతి తరంలో సంగీత్‌కు, ఇంగ్లీషు చిత్రాలను అనువాదం అవసరం లేకుండానే ఆదరించే ప్రేక్షకవర్గం లభించింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి ఈ ఊరే దానికి కేంద్రస్థానం కావడంతో, తెలుగు జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగ కుటుంబాలు తమతో పాటు వేరొక సినిమా సంస్కారాన్ని వెంట తెచ్చుకున్నాయి. మారేడ్‌పల్లి వంటి నివాసప్రాంతాలలో ఈ రెండు సంస్కారాలూ ఇరుగుపొరుగు ఇళ్లలో, కొన్నిచోట్ల ఒకే ఇంట్లో, కాపురం చేశాయి. తండ్రి పౌరాణిక చిత్రాల పద్యాలు పాడుకుంటుంటే కొడుకు ఇంగ్లీషు చిత్రంలోని యంత్రాల గురించి వాదించే ఇళ్లలో తరాల మధ్య అంతరం ఎంత ఉందో, అభిమానం యొక్క స్వభావంలోనూ అంతే అంతరం ఉంది.

ఆ అంతరాన్ని గ్రహించడానికి అమెరికా ఉదాహరణ కొంత తోడ్పడుతుంది. 1966లో మొదలైన 'స్టార్ ట్రెక్' టెలివిజన్ ధారావాహిక 1969లో నిలిచిపోయింది. కాని దాని అభిమానులు నిలిచిపోలేదు. 1972 జనవరిలో న్యూయార్క్‌లో వారు జరుపుకొన్న సమావేశానికి నిర్వాహకులు కొన్ని వందలమందిని ఆశించగా మూడు వేలకు పైగా జనం వచ్చారు. 1976లో తొలి స్పేస్ షటిల్‌కు కథలోని నౌక పేరైన ఎంటర్‌ప్రైజ్ అనే పేరే స్థిరపడడానికి వారి ఉత్తరాల ఉద్యమమే కారణం. అక్కడి అభిమానానికి కేంద్రం కల్పిత లోకం. నటుడు ఆ లోకపు పౌరుడిగానే ప్రియుడు. స్పాక్ పాత్రధారి లియొనార్డ్ నిమాయ్ 1975లో తాను స్పాక్‌ను కానంటూ ఒక ఆత్మకథకు పేరు పెట్టి, ఇరవై ఏళ్లకు తాను స్పాక్‌నే అంటూ మరొక దానికి పేరు పెట్టవలసివచ్చిందంటే, పాత్ర నటుణ్ణి ఎంతగా తనలో కలుపుకున్నదో ఊహించవచ్చు. తెలుగునాట జరిగింది సరిగ్గా దీనికి విపర్యయం: ఇక్కడ నటుడే పాత్రలను తనలో కలుపుకుంటూ పోయాడు.

ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావుల కాలంలో ఊరూరా రూపుదిద్దుకున్న అభిమాన సంఘాలు మొదట్లో ప్రేమాభిమానాల ప్రకటనకే పరిమితమైనా, కాలక్రమాన వాటికి ఒక ఆచారకాండ ఏర్పడింది. విడుదలకు ముందురోజు రాత్రి బ్యానర్లు కట్టడం, నిలువెత్తు కటౌట్‌కు దండలు వేసి పాలాభిషేకం చేయడం, హీరో తెరమీదికి రాగానే కాగితం ముక్కలు వెదజల్లి హారతి పట్టడం, ఎన్ని కేంద్రాలలో వంద రోజులు ఆడిందో లెక్కలు తీసి ఎదుటి వర్గంతో వాదించడం ఇందులో భాగాలు. 1982లో రామారావు తెలుగుదేశం స్థాపించినప్పుడు ఈ సంఘాల బలం ఎన్నికల క్షేత్రంలోనూ రుజువైంది. తెలుగు అభిమానుల మీద విశేషంగా పరిశోధించిన ఎస్.వి. శ్రీనివాస్ గుర్తించినట్లు, ఈ భక్తిలో ధిక్కారం కూడా దాగి ఉంది. అభిమాని హీరోను కొలుస్తాడు. కొలిచినందుకు ఆ హీరో ఎలా ఉండాలో శాసించే హక్కు తనకు ఉన్నదని కూడా నమ్ముతాడు. కాబట్టి కొత్త ప్రక్రియను తెలుగు తెరకు తేదలచినవారు ఎదుర్కొన్న ప్రశ్న కేవలం సాంకేతికమైనది కాదు. భవిష్యత్తులోకి వెళ్లేందుకు హీరోకు అభిమాని అనుమతి ఇస్తాడా అన్నది అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు తొలి సమర్థ సమాధానం 1991 జూలై 18న విడుదలైన 'ఆదిత్య 369'. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు కె.వి. రెడ్డి వద్ద 'మాయాబజార్'కు సహాయకుడిగా పనిచేసి, 1987లో మాటలు లేని 'పుష్పక విమానం' తీసి, అద్భుతాన్ని సామాన్యుడి జీవితంతో ముడివేయడంలో ఆరితేరినవాడు. శివలెంక కృష్ణప్రసాద్ నిర్మించగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సమర్పించిన ఈ చిత్రానికి ప్రేరణ హెచ్.జి. వెల్స్ కాలయంత్ర కల్పన. అయితే సాలార్ జంగ్ మ్యూజియంలోని వజ్రం, ఆ వజ్రాన్ని ఆశించే పురావస్తు వ్యామోహి, శాస్త్రజ్ఞుడు ప్రొఫెసర్ రామదాసు, దొంగతనాన్ని కళ్లారా చూసిన బాలుడు కలిసి కథను హైదరాబాద్ నేలలోనే నాటారు. కృష్ణకుమార్‌గా బాలకృష్ణ ఎక్కిన యంత్రం మొదట 1526 నాటి విజయనగరానికి, ఆపైన మూడో ప్రపంచయుద్ధానంతరపు 2504కు ప్రయాణిస్తుంది. పిల్లలను థియేటర్లకు రప్పించడానికి దూరదర్శన్‌లో వచ్చిన ప్రచారచిత్రంలో చిరంజీవి కనిపించడం, అభిమానవర్గాల స్పర్ధ పరాకాష్ఠకు చేరిన ఆ రోజులలో, గమనింపదగిన ఔదార్యం.

ఈ విజయానికి సాంకేతిక నవ్యతను, ఇళయరాజా సంగీతాన్ని, జంధ్యాల సంభాషణలను కారణాలుగా చెప్పడం న్యాయమే. కాని అవి మాత్రమే చాలవు. భవిష్యత్తుకు పోవలసిన యంత్రం ముందు శ్రీకృష్ణదేవరాయల కొలువులో ఎందుకు ఆగింది? కథా సౌలభ్యం ఒక కారణమైతే, ప్రేక్షకుడి స్మృతి అంతకంటె బలమైన కారణం. బాలకృష్ణ తండ్రి రామారావు 1956లో 'తెనాలి రామకృష్ణ'లోనూ, 1962లో 'మహామంత్రి తిమ్మరుసు'లోనూ రాయలుగా కనిపించాడు. ద్విపాత్రాభినయంలో కుమారుడు అదే కిరీటం ధరించినప్పుడు, అభిమాని చూసినది చరిత్రలోని 1526ను మాత్రమే కాదు, తన తండ్రులు చూసిన తెరను కూడా. అందుచేత 2504 నాటి లోహనగరంలో అడుగుపెట్టేసరికి అతనికి హీరోపై సందేహం మిగలలేదు. తెలుగు అభిమానికి అసలైన కాలయంత్రం వంశం. ప్రొఫెసర్ రామదాసు యంత్రం దానికి కేవలం బాహ్యరూపం.

ఇంతటి ఆదరణ పొందిన ప్రక్రియ తరువాతి రెండు దశాబ్దాలలో విస్తరించలేకపోవడానికి కారణాలను తూకం వేసి చూడాలి. వ్యయం ఎక్కువ, సాంకేతిక వనరులు తక్కువ, నిర్మాతలకు సాహసం కంటె భద్రత ముఖ్యం అన్నవి స్పష్టమైన కారణాలు. అంతగా స్పష్టం కానిది అభిమానుల పాత్ర. వారి కోరిక తీరేలా హీరోను మలచడంలో పరిశ్రమ తలమునకలైన కాలంలో, హీరోను చిన్నవాణ్ణి చేసే విశాలాకాశానికి కథలలో చోటు దొరకడం కష్టమైంది. 2010లో తెలుగులోకి 'రోబో'గా వచ్చిన రజనీకాంత్ చిత్రం ఈ చిక్కును చమత్కారంగా విడదీసింది: యంత్రానికే హీరో ముఖం తొడిగి, శాస్త్రజ్ఞుణ్ణీ మరమనిషినీ ఒకే నటుడిలో నిలిపింది. 2018లో వరుణ్ తేజ్‌తో సంకల్ప్ రెడ్డి తీసిన 'అంతరిక్షం' వ్యోమగామి వృత్తిని నిజాయితీగా చూపే ప్రయత్నం చేసినా, దానికి ఆశించినంత ఆదరణ దక్కలేదు. ఆ ప్రయత్నాన్ని తప్పుపట్టడం సబబు కాదు. గతస్మృతి అనే వంతెన లేకుండా గగనానికి ఎగరడం మన తెరపై ఎంత దుష్కరమో అది తెలియజేసింది.

ఈలోగా అభిమానం తన రూపాన్ని మార్చుకుంటూ వచ్చింది. 1998లో చిరంజీవి స్థాపించిన రక్తనిధి అభిమానుల రక్తదానం మీదే ఆధారపడి నడవడం, సంఘాల శక్తిని సేవామార్గం పట్టించవచ్చునని నిరూపించింది. ప్రవాసాంధ్రుల సంఖ్య పెరగడంతో అమెరికాలోని ముందురోజు ప్రదర్శనలు ఇక్కడి తొలి ఆటతో పోటీపడసాగాయి. 2015, 2017 సంవత్సరాలలో వచ్చిన 'బాహుబలి' రెండు భాగాలు ప్రభాస్‌కు తెలుగేతర ప్రాంతాలలోనే కాక జపాన్‌లోనూ అభిమానులను సంపాదించిపెట్టాయి. పెదనాన్న కృష్ణంరాజు బిరుదైన 'రెబల్ స్టార్'తోనూ, 'డార్లింగ్' అనే ముద్దుపేరుతోనూ అభిమానులు పిలుచుకునే ఈ నటుడు కేంద్రంగా నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ'ని రూపొందించినప్పుడు, వైజయంతీ మూవీస్ దాని నామకరణాన్ని 2023 జూలైలో శాన్ డియాగో కామిక్-కాన్ వేదికపై ప్రకటించింది. స్టార్ ట్రెక్ తరహా అభిమానం రాజ్యమేలే ప్రాంగణంలో తెలుగు హీరో నిలబడడంతో, సంగీత్ ప్రేక్షకుడూ క్రాస్‌రోడ్స్ ప్రేక్షకుడూ ఒకే వరుసలో కూర్చున్నట్టయింది.

2024 మే నెలలో రామోజీ ఫిల్మ్ సిటీలో ఆ చిత్రంలోని 'బుజ్జి' అనే వాహనాన్ని అభిమానుల సమక్షంలో ఆవిష్కరించడంలోనూ ఈ సమ్మేళనం కనబడుతుంది. కీర్తి సురేశ్ గొంతుతో మాట్లాడే ఆ వాహనం ఊళ్లు తిరుగుతుంటే, కటౌట్ చుట్టూ గుమిగూడిన జనమే ఇప్పుడు ఒక యంత్రం చుట్టూ గుమిగూడారు. జూన్ 27న చిత్రం విడుదలయ్యాక మాత్రం పాత సూత్రమే మళ్లీ పనిచేసింది. సింగీతం శ్రీనివాసరావు మార్గదర్శకుడిగా వ్యవహరించిన ఈ కథలో, క్రీ.శ. 2898 నాటి కిరాయి వేటగాడు భైరవ చివరకు మహాభారత కర్ణుడిగా తేలుతాడు. 1977 సంక్రాంతికి వచ్చిన 'కురుక్షేత్రం'లో కర్ణపాత్ర ధరించినవాడు కృష్ణంరాజు. అంతకు ముప్పైమూడేళ్ల ముందు బాలకృష్ణ తండ్రి కిరీటాన్ని ధరించినట్లే, ఇక్కడ ప్రభాస్ పెదనాన్న ధనుస్సును అందుకున్నాడు. దర్శకులు దీనిని ఉద్దేశించారా లేదా అన్న చర్చ కంటె, హాలులోని పాతతరం వారు ఆ క్షణంలో ఎవరిని తలచుకుని ఉంటారన్నది చరిత్రకారుడికి ఎక్కువ ఆసక్తికరం.

ఈ అభిమానానికి చీకటి పార్శ్వం లేదనలేము. అదే ఏడాది డిసెంబరు 4 రాత్రి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ వద్ద 'పుష్ప 2' ప్రదర్శన సందర్భంగా జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ ప్రాణం కోల్పోయింది. బెనిఫిట్ షోలపై ప్రభుత్వం కఠినవైఖరి ప్రకటించవలసివచ్చింది. అది సైన్స్ ఫిక్షన్ చిత్రం కాకపోయినా, నటుణ్ణి కళ్లారా చూడాలన్న ఆరాటం ఏ ప్రక్రియలోనైనా ఒకటే గనుక ఇక్కడ దానిని విస్మరించడం తగదు. అయితే దోషాన్ని అభిమాని అమాయకత్వం మీదికే నెట్టడం తేలిక మార్గం. తొలిరోజు వసూళ్ల మీద వ్యాపారాన్ని నిలబెట్టి, ఆ ఒక్క రాత్రికే సమస్త ఉద్వేగాన్ని కుదించిన పరిశ్రమకూ అందులో వాటా ఉంది.

2025 ఏప్రిల్ 4న 'ఆదిత్య 369' కొత్త సాంకేతిక హంగులతో మళ్లీ విడుదలైంది. 1991లో పెద్దల చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లలు, ఈసారి తమ పిల్లల చెయ్యి పట్టుకుని రావలసిన వయసులో ఉన్నారు. నాటి చిత్రంలోని యంత్రం నేటి కంటికి బొమ్మలా తోచినా, హాలులో ఈలలు మాత్రం అదే యంత్రం కదిలినప్పుడు, అదే రాయలు సింహాసనం మీద కనిపించినప్పుడు వినవచ్చాయి.

'మాయాబజార్'లో ప్రియదర్శిని అనే పేటిక ఉంది. తెరచి చూసినవారికి అది వారి వారికి ప్రియమైనదాన్ని చూపుతుంది: బలరాముడికి దుర్యోధనుణ్ణి, శశిరేఖకు అభిమన్యుణ్ణి. ఆ చిత్రానికి పనిచేసిన సహాయకుడే తరువాత కాలయంత్రాన్ని నిర్మించాడన్నది కేవలం యాదృచ్ఛికం కావచ్చు. కాని ఏడు దశాబ్దాల ఈ కథనంలో తెలుగు ప్రేక్షకుడు ఏ యంత్రంలోకి తొంగిచూసినా, 2504లో గాని 2898లో గాని, అతనికి కనిపించినది రాబోయే కాలం కంటె తన వాళ్లే. సంగీత్ చౌరస్తాలో హాలు లేకపోయినా పేరు నిలిచి ఉండడానికీ, పాత పాత్రలు కొత్త హీరోల దేహాలలో మళ్లీ మళ్లీ మేల్కొనడానికీ మూలం ఒకటే: పోయినదాన్ని పోనీయకపోవడం.