ఆకాశం నుంచి కరెంటు: యూనిట్ ఎంతట?

మేడ మీద వడియాలు పెట్టే ఇల్లాలికి ఎండ విలువ ఒకరు చెప్పక్కర్లేదు. మబ్బు పట్టినా, పొద్దు గూకినా పని ఆగిపోతుందనీ ఆవిడకు తెలుసు. సూర్యుడితో వచ్చిన చిక్కల్లా అదే. ఇచ్చేటప్పుడు దోసిళ్లతో ఇస్తాడు. దీపం పెట్టే వేళకు మాత్రం ఉండడు. మరి మబ్బులూ రాత్రీ లేని చోటికే వెళ్లి ఆ ఎండను పట్టుకొస్తేనో?

ఈ ఊహకు ఎనభై ఏళ్లు దాటాయి. దాని చరిత్రలో శాస్త్రం ఎంతుందో, పద్దుల పుస్తకం అంతకంటే కాస్త ఎక్కువే ఉంది.

పుట్టడం మాత్రం కథల్లో పుట్టింది. అంతరిక్షంలో సూర్యశక్తిని పోగుచేసి గ్రహాలకు పంపే కేంద్రాన్ని ఊహిస్తూ 1941లో ఐజాక్ అసిమోవ్ ఒక కథ రాశాడు. అప్పటికి ఉపగ్రహం అన్నదే లేదు. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల పనికొచ్చే సిలికాన్ సౌరఘటాన్ని తయారుచేసింది. నాలుగేళ్లకే అలాంటి ఘటాలు వాన్‌గార్డ్ ఉపగ్రహం మీదెక్కి అంతరిక్షానికి వెళ్లాయి.

ఈ ముక్కలన్నీ ఒకచోట కలిపి కుట్టినవాడు పీటర్ గ్లేజర్. చెకొస్లొవేకియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు. 1968లో 'సైన్స్' పత్రికలో ఆయన చెప్పింది ఇదీ: భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాన్ని నిలిపితే దానికి ఇంచుమించు ఏడాది పొడవునా ఎండే. మార్చి, సెప్టెంబరు నెలల చుట్టుపట్ల మాత్రం రోజుకు గంటంపావుకు మించకుండా భూమి నీడ పడుతుంది. అక్కడి ఎండను కరెంటు చేసి, ఆ కరెంటును మైక్రోవేవ్ తరంగాలుగా కిందికి పంపాలి. నేలమీద యాంటెన్నాల పందిరి వేసి, వాటిని అందుకుని మళ్లీ కరెంటుగా మార్చాలి. ఆ తరంగాలకు మబ్బులు పెద్ద అడ్డు కావు.

1973లో గ్లేజర్‌కి పేటెంటు వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే అరబ్ దేశాలు చమురు బిగబట్టాయి. అమెరికాలో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. అంతదాకా నవ్వి ఊరుకున్నవాళ్లు కూడా గ్లేజర్ మాట చెవినబెట్టారు. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ ఎడారిలో ప్రయోగం చేసి, తీగన్నది లేకుండా మైలు దూరానికి 30 కిలోవాట్లకు పైగా కరెంటు పంపి చూపించారు. పని జరుగుతుందన్నమాట!

ఇక మిగిలింది ఖర్చు. అమెరికా ఇంధన శాఖ, నాసా కూర్చుని లెక్క కట్టాయి. ఒక్కో ఉపగ్రహం 10 కిలోమీటర్ల పొడవు, 5 కిలోమీటర్ల వెడల్పు. కింద యాంటెన్నాల పందిరి ఇంకా పెద్దది. ఒక్కోటి 5 వేల మెగావాట్లు ఇస్తుంది. అలాంటివి అరవై! కిందనున్నవాళ్లు మాడిపోరా అంటారా? ఆ పందిరి నడిబొడ్డున కూడా తరంగాల తీవ్రత మిట్టమధ్యాహ్నపు ఎండలో పావు వంతేనని లెక్క తేలింది. మాడింది మాత్రం బడ్జెట్టే. రానున్న పదేళ్లూ దీని నిర్మాణానికంటూ డబ్బు కేటాయించవద్దని 1981లో అక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ సలహా ఇచ్చింది. పథకం అటకెక్కింది.

అటకెక్కినది మళ్లీ మళ్లీ దిగుతూనే ఉంది. 2009లో సోలారెన్ అనే సంస్థ 2016 నుంచి అంతరిక్షపు కరెంటు అమ్ముతానంటూ కాలిఫోర్నియాలోని ఓ పెద్ద విద్యుత్ కంపెనీతో ఒప్పందం రాసుకుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! 2016 వచ్చింది, వెళ్లింది. కరెంటు మాత్రం రాలేదు. 2010లో మన అబ్దుల్ కలాంగారు కూడా అమెరికాలోని నేషనల్ స్పేస్ సొసైటీతో చేతులు కలిపి ఈ ఆశకు అండగా నిలిచారు. గ్లేజర్ 2014లో కన్నుమూశారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2023లో, కాల్‌టెక్ శాస్త్రజ్ఞులు అంతరిక్షంలోని ఓ చిన్న పరికరం నుంచి పంపిన తరంగాలను తమ విద్యాలయం మేడ మీద అందుకున్నారు. ఆ వచ్చింది దీపం వెలిగించేంత కాదు, ఉనికి చాటేంత.

మరి యూనిట్ ఎంతట? 2024 జనవరిలో నాసా వేసిన లెక్కలో ఒక నమూనాకు 61 సెంట్లు, ఇంకోదానికి డాలరున్నర పైన. నేల మీది మార్గాలకైతే 2 నుంచి 5 సెంట్లు.

రాకెట్ ఖర్చు తగ్గలేదా అంటే, తగ్గింది. బాగా తగ్గింది. కానీ పందెంలో ఎదుటివాడు కూడా పరుగెత్తాడు. ఉపగ్రహానికి తొడగాల్సిన సౌర పలకలే చవకై నేల మీద పరుచుకున్నాయి. మన కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర 2017 నాటికే వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పనిచేస్తోంది. పలక చవకైతే ఆకాశానికీ లాభమే. కాకపోతే నేల మీద పరిచే పలకకు రాకెట్ ఛార్జీ లేదు.

అందుచేత పగటి కరెంటు అమ్మి ఆకాశం నెగ్గలేదు. అది అమ్మగలిగిన అసలు సరుకు రాత్రి కరెంటు. అక్కడ దాని పోటీ ఎండతో కాదు, పగటి కరెంటును దాచిపెట్టే బ్యాటరీతో. ఆ బ్యాటరీ ధర కూడా ఏటికేడు దిగుతోంది.

గ్లేజర్ శాస్త్రం తప్పలేదు సుమండీ. అంగడిలో ఆయన సరుకుకు ధర కుదరలేదు, అంతే. ఇక ముందు ఎవరైనా ఆకాశం నుంచి కరెంటు దింపుతామని వస్తే, కాదనక్కర్లేదు, చేతులెత్తి మొక్కనూ అక్కర్లేదు. ఇంటి పద్దు రాసేవాళ్లుగా రెండే ప్రశ్నలు అడుగుదాం: రాత్రి ఏడింటికి ఇస్తారా? ఇస్తే, బ్యాటరీ కన్నా ఎంత తక్కువకి?